ప్లాటినం మీద కూర్చున్నది ఎవరు?

చలికాలంలో తలుపులన్నీ బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు మనం చదువుతూనే ఉంటాం. అక్కడ ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉండే ఇనుప పరమాణువును అది తన కార్బన్ కొసతో పట్టుకుంటుంది. ఆక్సిజన్ కూర్చోవలసిన చోటది. ఒకసారి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు.

ఇదే అణువు, ఇదే కొసతో, ప్లాటినాన్నీ పట్టుకుంటుంది. అక్కడ ఆగిపోయేది కరెంటు.

మిథనాల్ కలిపిన ఆమ్లజలంలో శుభ్రమైన ప్లాటినం రేకును ముంచి, తగిన వోల్టేజీ పెట్టామనుకోండి. మిథనాల్ అణువులు లోహం మీదికి చేరి ముక్కలవుతాయి. ఒక్కో అణువు పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారేలోపు ఆరు ఎలక్ట్రాన్లను లోహానికి ఇస్తుంది. ఇంధనాన్ని మండించకుండానే కరెంటు తీసే మిథనాల్ ఫ్యూయల్ సెల్‌కు ఆధారం ఇదే. కానీ మొదట బాగా వచ్చిన కరెంటు చూస్తూండగానే పడిపోతుంది. మిథనాల్ అయిపోలేదు. ప్లాటినం కరగలేదు, తుప్పు పట్టలేదు. పైకి తీసి చూస్తే మెరుపు చెక్కుచెదరలేదు. మరి ఆగిందెందుకు?

లోహం మీద ఏదో పేరుకుందని 1970ల నాటికి అందరూ ఒప్పుకున్నారు. దాని మందం ఒక్క అణువంత. ఆ పేరుకున్నది ఏమిటన్న దగ్గరే పేచీ. దాన్ని తీర్చడానికి పరారుణ కాంతిని నీటిలోకి పంపారు. పరారుణానికి నీటికన్నా పెద్ద శత్రువు లేదు. అయినా ఆ ప్రయోగం నెగ్గింది. ఎలా నెగ్గిందో చెప్పుకోవడం నాకు ఎంతో ఇష్టమైన పని, ఎందుకంటే అక్కడ గెలిచింది పెద్ద యంత్రం కాదు, ఒక తీసివేత.

లెక్క తెలిసింది, పేరు తెలియలేదు

అప్పటిదాకా విద్యుత్ రసాయనవేత్త చేతిలో ఉన్నవి రెండే కొలతలు: వోల్టేజీ, కరెంటు. వోల్టేజీని పెంచుతూ పోతే పేరుకున్న పదార్థం నీటిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊడిపోతుంది. ఆ సమయంలో ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో లెక్కపెట్టవచ్చు. ప్లాటినం మీద ఎన్ని పరమాణువులు ఖాళీ అయ్యాయో కూడా, హైడ్రోజన్‌ను ఆ ఖాళీల్లోకి ఎక్కించి, లెక్కపెట్టవచ్చు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే, ఖాళీ అయిన ఒక్కో పరమాణువుకు ఎన్ని ఎలక్ట్రాన్లో తెలుస్తుంది.

ఇక్కడే చిక్కు. పేరుకున్నది ఒక్కొక్క కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్న శకలం అనుకుందాం. దీన్ని సీఓహెచ్ అందాం. అది మూడు ప్లాటినం పరమాణువులను ఆక్రమిస్తుంది, ఊడేటప్పుడు మూడు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. అంటే పరమాణువుకు ఒకటి. అలా కాక కార్బన్ మోనాక్సైడ్ అనుకుందాం. అది ఊడేటప్పుడు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. రెండు పరమాణువుల మధ్య వంతెనలా కూర్చుంటే దీనికీ పరమాణువుకు ఒకటే. నిట్టనిలువుగా ఒక్క పరమాణువు మీదే నిలబడితే మాత్రం రెండు. లోహం మీద ఇవన్నీ కలగలిసి ఉంటే లెక్క ఒకటికీ రెండుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. ఎవరి ఊహకు తగ్గట్టు వాళ్లు దాన్ని చదువుకోవచ్చు. మాస్కోలో బగోట్‌స్కీ బృందం 1977లో సీఓహెచ్ వైపు మొగ్గింది. వాళ్ల వాదన గట్టిదే. కార్బన్ మోనాక్సైడ్ అన్నవాళ్ల వాదనా గట్టిదే.

ఎలక్ట్రాన్లకు పేర్లుండవు. ఏ అణువు నుంచి వచ్చినా ఎలక్ట్రాన్ ఎలక్ట్రానే. అణువును గుర్తుపట్టాలంటే అణువునే అడగాలి.

ప్రతి బంధానికీ తనదైన లయ

కార్బన్, ఆక్సిజన్ల మధ్య బంధం బిగుసుకుపోయి ఉండదు. సాగుతూ, ముడుచుకుంటూ ఉంటుంది. విడిగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్‌లో ఈ కంపనం సెకనుకు సుమారు 64 లక్షల కోట్ల సార్లు జరుగుతుంది. సరిగ్గా అంతే వేగంతో ఊగే కాంతి తరంగం దాని మీద పడితే అణువు ఆ శక్తిని పీల్చుకుంటుంది. మిగతా తరంగాలను పోనిస్తుంది. ఆ వేగంతో ఊగే కాంతి ఎరుపుకు అవతల, కంటికి కనబడని పరారుణ ప్రాంతంలో ఉంది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు దాటాక థర్మామీటర్ పెట్టి కనిపెట్టిన కాంతి అదే.

పరమాణువులు బరువైతే కంపనం నెమ్మదిస్తుంది. బంధం బలమైతే వేగం పెరుగుతుంది. అందువల్ల ఏ కాంతి తగ్గిందో చూస్తే ఏ బంధం ఉందో చెప్పవచ్చు. ఇదే పరారుణ వర్ణపట విశ్లేషణ. మందుల కంపెనీల ప్రయోగశాలల్లో ముడిసరుకు అసలుదో కాదో తేల్చడానికి రోజూ వాడేది కూడా ఇదే.

*— బాక్స్: సెంటీమీటరులో ఎన్ని తరంగాలు? —*

*లక్షల కోట్లతో వ్యవహరించడం కష్టం కనుక, ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని కాంతి తరంగాలు ఇముడుతాయో చెప్పడం రసాయనవేత్తల అలవాటు. దీన్నే తరంగసంఖ్య అంటారు. సంఖ్య పెరిగితే కంపన వేగం పెరిగినట్టు. ఈ కథలో వచ్చే సంఖ్యలివి. విడిగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్ 2143. ఒక్క ప్లాటినం పరమాణువు మీద నిలబడ్డది 2060 చుట్టుపక్కల. రెండు పరమాణువుల మధ్య వంతెన కట్టినది 1850 చుట్టుపక్కల. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ 2343. నీటి అణువు రెండు చేతులూ కత్తెరలా కదలడం 1640. నీటిలోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం సాగడం 3400 దగ్గర, చాలా వెడల్పుగా.*

బస్తా మీద చింతపండు

సూత్రం తేలికే. ఎలక్ట్రోడ్ మీద, అంటే ద్రావణంలో ముంచి వోల్టేజీ ఇచ్చిన లోహం మీద, పరారుణ కాంతి పడేసి, తిరిగి వచ్చినదాంట్లో ఏది తగ్గిందో చూడాలి. అడ్డంకి నీరు. వెంట్రుక మందం నీటిపొర చాలు, 3400 దగ్గరి కాంతిని పూర్తిగా మింగేయడానికి. అందుకని ఎలక్ట్రోడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్ వంటి పారదర్శకమైన కిటికీకి నొక్కిపెట్టి, మధ్యలో కొన్ని మైక్రాన్ల నీటిపొర మాత్రం మిగిలేలా చేస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

అంత చేసినా అంకెలు చూడండి. ఒక చదరపు సెంటీమీటరు ప్లాటినం మీద సుమారు 15 కోట్ల కోట్ల పరమాణువులుంటాయి. దాని మీద కూర్చున్న కార్బన్ మోనాక్సైడ్ అణువులు మహా అయితే పది కోట్ల కోట్లు. వాటిపైన నీటిపొర ఒకే ఒక్క మైక్రాన్ అనుకున్నా, అందులో నీటి అణువులు 33,000 కోట్ల కోట్లు. 75 కిలోల బియ్యం బస్తా మీద పాతిక గ్రాముల చింతపండు పెట్టి, మొత్తం కాటా మీదికి ఎక్కించి, చింతపండు బరువెంతో చెప్పమన్నట్టు ఉంటుంది. చెప్పాలంటే ఒకటే దారి. చింతపండుతో ఒకసారి, చింతపండు లేకుండా ఒకసారి తూచి, రెండోది మొదటిదాంట్లోంచి తీసేయాలి. అయితే ఆ రెండు తూకాల మధ్య బస్తాలోంచి ఒక్క గింజ కూడా రాలకూడదు.

అదృష్టం ఒకటి కలిసొచ్చింది. 2060 చుట్టుపక్కల నీరు తక్కువగా పీల్చుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ కంపనం ఇంకెక్కడ పడినా ఈ కథ ఇంత తొందరగా సాగేది కాదేమో.

వోల్టేజీ అనే మీట

ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ మార్చితే ఏం మారుతుంది? నీటిలో మునిగిన లోహానికి ఇచ్చిన వోల్టేజీ ప్రభావం దాదాపు అంతా ఉపరితలాన్ని ఆనుకుని ఉన్న కొద్దిపాటి మందంలోనే ఖర్చైపోతుంది. గాఢమైన ద్రావణంలో ఆ మందం కొన్ని అణువుల మేర మాత్రమే. దానికి అవతల ఉన్న నీటికి వోల్టేజీ మారిన సంగతే తెలియదు. లోహం మీద కూర్చున్న అణువులకు మాత్రం బాగా తెలుస్తుంది. కొన్ని ఊడిపోతాయి, కొన్ని కొత్తగా చేరతాయి, కదలకుండా ఉన్నవి తమ కంపన వేగాన్ని కాస్త మార్చుకుంటాయి.

ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ బ్యూయిక్, కెయిజి కునిమాత్సు, స్టాన్లీ పాన్స్ పట్టుకున్న కీలకం ఇదే. ఒక వోల్టేజీ దగ్గర వెనక్కి వచ్చిన కాంతిని కొలిచి, ఇంకో వోల్టేజీ దగ్గర మళ్లీ కొలిచి, తేడా తీశారు. ఎలక్ట్రోడ్‌ను కదపలేదు, నీటిని మార్చలేదు. రెంటిలోనూ ఒకేలా ఉన్న నీరు తీసివేతలో పోయింది. ఉపరితలం మీద మారినది మాత్రం మిగిలింది. ఆ మిగిలేది మొత్తం కాంతిలో పదివేలలో ఒక వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అందుకని వోల్టేజీని పైకీ కిందికీ మారుస్తూనే ఉండి, అదే లయలో మారే కాంతిని మాత్రమే పరికరం పట్టుకునేలా ఏర్పాటు చేశారు. ఈ పద్ధతిని వాళ్లు 1980లో ప్రకటించారు.

ఇతర రంగాల్లో ఉపరితలాలను చదివేవాళ్లకు ఈ సౌకర్యం లేదు. నమూనాను శూన్యంలో పెట్టి, అణువులను ఎక్కించి, దించి చూసుకోవాలి. ఎలక్ట్రోడ్‌కు పుట్టుకతోనే ఒక మీట ఉంది. అది ఉపరితలాన్ని మాత్రమే తిప్పుతుంది. దశాబ్దాలుగా కరెంటు రాబట్టడానికే వాడుతున్న మీటను, చూడడానికి వాడుకోవచ్చని గ్రహించడమే అసలు అడుగు అని నేననుకుంటాను.

ఫ్రాన్సులోని ప్వాటియె విశ్వవిద్యాలయానికి చెందిన బెడెన్, లామీ అప్పటికే మిథనాల్ సమస్యతో కుస్తీ పడుతున్నారు. బ్యూయిక్, కునిమాత్సులతో కలిసి 1981లో వాళ్లు మిథనాల్ ద్రావణంలోని ప్లాటినాన్ని ఈ పద్ధతిలో చూశారు. 2060 ప్రాంతంలో గట్టి గుర్తు కనిపించింది. ఒక్క పరమాణువు మీద నిలబడ్డ కార్బన్ మోనాక్సైడ్ అది. 1850 దగ్గర వంతెన కట్టినవాటి గుర్తు బలహీనంగా ఉంది. సీఓహెచ్ ఆనవాలు దొరకలేదు. కరెంటును ఆపేస్తున్నది బయటి నుంచి వచ్చిన మలినం కాదు, మిథనాల్ తన ప్రయాణంలో సగం దారిలో తానే పుట్టించిన కార్బన్ మోనాక్సైడ్.

చర్చ ఒక్క రోజులో ముగిసిపోలేదు. కొన్ని పరిస్థితుల్లో హైడ్రోజన్ ఉన్న శకలాలూ ఉంటాయని జర్మనీలోని పరిశోధకులు తర్వాత వాదించారు. కానీ ప్రధానంగా అడ్డుపడేది ఎవరన్న దాని మీద అనుమానం తొలగింది.

లోహం ఒప్పుకునే కంపనాలు

ఈ పద్ధతికి లోహమే చేసే సాయం ఒకటుంది. ఏ కంపనం పరారుణంలో కనబడుతుందో, ఏది కనబడదో అణువు సౌష్ఠవం నిర్ణయిస్తుంది. ఆ నియమాలను గణితంలోని సమూహ సిద్ధాంతంతో రాబట్టే విధానం మీద సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రాసిన పుస్తకాన్ని 1940ల చివర్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది. వర్ణపటాలు చదివేవాళ్లు దేశవిదేశాల్లో వాడుకున్న పుస్తకమది. అణువు లోహం మీద కూర్చున్నాక మాత్రం, సౌష్ఠవం పెట్టే షరతులకు తోడు లోహం ఇంకో షరతు పెడుతుంది.

లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదులుతాయి. లోహం మీద ఒక అణువు కంపిస్తే, దానిలో అటూ ఇటూ జరిగే విద్యుదావేశానికి స్పందించి ఎలక్ట్రాన్లు లోహం లోపల ఒక ప్రతిబింబాన్ని తయారుచేస్తాయి. ఆవేశం ఉపరితలానికి నిలువుగా కదిలితే ప్రతిబింబం కూడా అదే దిశలో కదిలి బలం చేకూరుస్తుంది. ఉపరితలం వెంబడి అడ్డంగా కదిలితే ప్రతిబింబం ఎదురు దిశలో కదిలి దాన్ని రద్దు చేస్తుంది. అందువల్ల నిలువు కంపనాలే కనిపిస్తాయి. కాంతి వైపు నుంచి చూసినా ఇదే ఫలితం. ఉపరితలానికి సమాంతరంగా ఊగే కాంతి లోహం దగ్గర తనను తానే రద్దు చేసుకుంటుంది. కాంతిని ఉపరితలాన్ని దాదాపు ఒరుసుకుంటూ పంపి, నిలువు భాగాన్ని వాడుకుంటే గుర్తు బాగా పెరుగుతుందని అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ గ్రీన్లర్ 1966లోనే లెక్కగట్టి చూపాడు.

దీనివల్ల రెండు లాభాలు. అడ్డంగా ఊగే కాంతికి నీరు మాత్రమే కనిపిస్తుంది, లోహం మీది అణువులు కనిపించవు. నిలువు భాగం ఉన్న కాంతికి రెండూ కనిపిస్తాయి. రెండు కాంతులనూ వేగంగా మార్చి మార్చి పంపితే, వోల్టేజీని ముట్టుకోకుండానే ఇంకో తీసివేత దొరుకుతుంది. రెండో లాభం, అణువు నిలబడిందో పడుకుందో తెలియడం. వర్ణపటంలో ఉండవలసిన గుర్తు ఒకటి లేకపోతే, అణువు ఎటు తిరిగి ఉందో ఆ లేమి చెబుతుంది.

2143 నుంచి 2060కి ఎందుకు దిగింది?

కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినాన్ని పట్టుకోవడమంటే ఇచ్చిపుచ్చుకోవడం. కార్బన్ కొస తన ఎలక్ట్రాన్లలో కొంత లోహానికి ఇస్తుంది. లోహం తన ఎలక్ట్రాన్లలో కొన్నింటిని తిరిగి అణువులోకి తోస్తుంది. కానీ అణువులో వాటికి దొరికే ఖాళీ చోటు ఎలాంటిదంటే, అక్కడ చేరిన ఎలక్ట్రాన్లు కార్బన్-ఆక్సిజన్ బంధాన్ని వదులు చేస్తాయి. బంధం వదులైతే కంపనం నెమ్మదిస్తుంది. రెండు పరమాణువుల మధ్య కూర్చుంటే ఇద్దరి నుంచీ అందుతాయి కనుక ఇంకా నెమ్మదించి 1850కి దిగుతుంది.

వోల్టేజీని ఒక వోల్టు పెంచితే ఈ సంఖ్య దాదాపు 30 పెరుగుతుంది. లోహం తన ఎలక్ట్రాన్లను బిగబట్టుకుని అణువుకు తక్కువ ఇవ్వడం ఒక కారణం. లోహం, నీటి సరిహద్దులో ఉండే విద్యుత్ క్షేత్రం నేరుగా బంధాన్ని లాగడం రెండో కారణం. ఒక వోల్టు తేడా కొన్ని అణువుల దూరంలోనే పడిపోతే, ఆ క్షేత్రం తీవ్రత గాలిలో నిప్పురవ్వ దూకించడానికి కావలసినదానికన్నా వందల రెట్లు ఉంటుంది. ఏ మీటరూ లోపలికి చొరబడలేని చోట ఆ క్షేత్రం ఎంతుందో కార్బన్ మోనాక్సైడ్ కంపనం చూసి అంచనా వేయవచ్చు.

ప్లాటినానికి పట్టిన ఈ విషానికి మందు వెతకడం కూడా ఈ చూపుతో సులువైంది. ప్లాటినంలో రుథేనియం కలిపితే విషం త్వరగా వదులుతుందని జపాన్‌లో వతనబె, మోతో 1975లో చూపారు. రుథేనియం తక్కువ వోల్టేజీకే నీటి నుంచి ఆక్సిజన్ ఉన్న శకలాన్ని పట్టి, పక్కనున్న ప్లాటినం మీది కార్బన్ మోనాక్సైడ్‌కు అందిస్తుందని వాళ్ల ఊహ. తర్వాత పరారుణంలో చూస్తే, 2060 దగ్గరి గుర్తు తగ్గడమూ 2343 దగ్గర కార్బన్ డయాక్సైడ్ గుర్తు లేవడమూ శుద్ధ ప్లాటినంకన్నా తక్కువ వోల్టేజీకే మొదలవడం కనిపించింది. హైడ్రోజన్ కార్ల సంగతీ ఇదే. వాటి ఎలక్ట్రోడ్లు ప్లాటినమే. అందుకే ఆ హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షలకు 0.2 వంతు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం.

వెనక నుంచి చూపు

కిటికీకి నొక్కిపెట్టే పద్ధతికి ఒక లోపం ఉంది. కొన్ని మైక్రాన్ల సందులోకి కొత్త మిథనాల్ సరిగా చేరదు, పుట్టినది బయటికి పోదు. ఎలక్ట్రోడ్ నిజంగా పనిచేస్తున్నప్పుడు చూడాలంటే ద్రావణం స్వేచ్ఛగా పారాలి. సప్పొరోలోని హొక్కయిదొ విశ్వవిద్యాలయంలో మసతొషి ఒసావా బృందం కాంతిని వెనక నుంచి పంపింది. సిలికాన్ పట్టకం మీద పదుల నానోమీటర్ల మందాన లోహపు పూత పూస్తారు. పట్టకం లోపలి నుంచి వచ్చిన కాంతి ఆ ముఖం దగ్గర పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, కానీ తిరిగేముందు పూతకు అవతలి వైపు కొద్ది దూరం తొంగిచూస్తుంది. నీటి గొడవ అక్కడికి చాలావరకు తీరింది. పైగా చిన్న చిన్న ద్వీపాలుగా ఉండే అటువంటి పూత మీద అణువుల గుర్తు పదుల రెట్లు పెరుగుతుంది. ఈ పెరుగుదలను మొదట గమనించింది 1980లో హార్ట్‌స్టీన్ బృందం.

ఈ ఏర్పాటుతో ఒసావా బృందం 1996లో బంగారం ఎలక్ట్రోడ్ మీది నీటి మొదటి పొరనే చూడగలిగింది. వోల్టేజీ రుణాత్మకంగా ఉంటే నీటి అణువులు హైడ్రోజన్లను లోహం వైపు తిప్పుతాయి, ధనాత్మకంగా మారితే ఆక్సిజన్‌ను తిప్పుతాయి. ఇన్నాళ్లూ తీసిపారేస్తూ వచ్చిన నీరే ఇప్పుడు పరిశోధన వస్తువైంది.

కనబడేది, పనిచేసేది

2003లో ఇదే బృందం మిథనాల్ ద్రావణంలోని ప్లాటినం మీద 1320 దగ్గర ఒక కొత్త గుర్తును చూపింది. అది ఫార్మేట్. ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు, ఒక హైడ్రోజన్. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి సాగే కంపనం కనబడింది, ఒకటి సాగితే ఇంకోటి ముడుచుకునే కంపనం కనబడలేదు. పైన చెప్పిన నియమం ప్రకారం, ఆక్సిజన్లు రెండూ లోహం మీద ఆని సమానంగా నిలబడితేనే అలా జరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అడ్డదారి తొక్కకుండా, మిథనాల్ నేరుగా కార్బన్ డయాక్సైడ్‌గా మారే దారిలోని మజిలీ ఇదేనని వాళ్లు ప్రతిపాదించారు.

జర్మనీలోని ఉల్మ్‌లో బేమ్ బృందం ఒప్పుకోలేదు. ఫార్మేట్‌ను ఇచ్చే ఫార్మిక్ ఆమ్లంతో వాళ్లు చేసిన ప్రయోగాల్లో ద్రావణాన్ని ప్రవాహంలో ఉంచి, కరెంటునూ ఫార్మేట్ గుర్తునూ ఒకేసారి కొలిచారు. లోహం మీది ఫార్మేట్ విడిపోయే వేగం చాలా తక్కువని, మొత్తం కరెంటులో దాని వాటా స్వల్పమని 2006లో చెప్పారు. వాళ్ల లెక్కన ఫార్మేట్ చోటు ఆక్రమించుకుని కూర్చున్న ప్రేక్షకుడు. ఒసావా వైపువాళ్లు వేరే గతిశాస్త్ర లెక్కలతో జవాబిచ్చారు.

ఈ తగాదాలో పద్ధతి పరిమితి కూడా తెలుస్తుంది. పరారుణం లోహం మీద ఎక్కువసేపు ఉండేవాళ్లను చూపుతుంది. రాగానే మారిపోయి వెళ్లే అణువు, అసలు పని అంతా అదే చేస్తున్నా, గుర్తుగా నిలబడేంత సంఖ్యలో ఏ క్షణంలోనూ ఉండదు. అందుకే ఇప్పుడు ఉనికి చూసి ఊరుకోకుండా వేగాలు కొలుస్తున్నారు. మామూలు కార్బన్ ఉన్న ద్రావణాన్ని హఠాత్తుగా బరువైన కార్బన్-13 ఉన్నదానితో మారిస్తే, లోహం మీది కార్బన్ మోనాక్సైడ్ గుర్తు 45 దాకా కిందికి జరుగుతుంది. ఆ జరగడానికి పట్టిన సమయాన్ని కరెంటుతో పోల్చి చూస్తే, అది పనిచేస్తోందో ఊరికే కూర్చుందో తేలుతుంది.

ఇప్పుడు ఈ చూపు ఎక్కువగా రాగి వైపు మళ్లింది. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచి రాగి ఎలక్ట్రోడ్ మీథేన్‌ను, ఎథిలీన్‌ను తయారుచేయగలదని 1980ల మధ్యలో జపాన్‌లోని యోషియో హోరి చూపాడు. అక్కడా దారి మధ్యలో వచ్చేది కార్బన్ మోనాక్సైడే. ప్లాటినంకన్నా రాగి పట్టు వదులు, అందువల్ల అక్కడ అది విషం కాకుండా ముడిసరుకు అవుతుంది. రాగి మీద దాని గుర్తు 2080 దగ్గర బాగానే కనిపిస్తుంది. రెండు కార్బన్ మోనాక్సైడ్‌లు జతకూడి ఎథిలీన్ వైపు మళ్లే క్షణాన్ని పట్టుకోవడమే కష్టం. ఆ జంట కంపనాలు పడతాయనుకునే ప్రాంతానికి దగ్గర్లోనే, 1640 మీద, నీరు కూర్చుని ఉంది. అందుకని మామూలు నీటికి బదులు భారజలం పోస్తారు. భారజలంలో అదే కంపనం 1210కి దిగిపోతుంది, 1640 చుట్టుపక్కల ప్రాంతం ఖాళీ అవుతుంది.